మూత వెయ్యకుండా ప్రార్థన

క్రిస్టోఫర్,

డ్యూటీకి పోతున్నా. లేవగానే లాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరువు. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో, పవర్ మేనేజ్‌మెంట్ అన్నచోట మొదటి టిక్ తీసెయ్. పాస్‌వర్డ్ నాకు చెప్పి ఉంటే నేనే తీసేసేదాన్ని.

లాప్‌టాప్ ఎందుకు ఆగిపోతోందని పైనింటి ఫయాజ్‌ని అడిగాను. "మూత వేస్తే కరెంటు మిగల్చాలని వైఫై నిద్రపోతాదక్కా. తెరిచినాక అది సరిగా లేవక సిస్టమే క్రాష్ అవుతా ఉండాది" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్నా మొన్నా వీడియో ఇంటర్వ్యూకి ముందు నువ్వు లాప్‌టాప్ మూసి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు. రెండుసార్లూ మాట మొదలవగానే నీలం తెర వచ్చి ఆగిపోయింది. ఈ ఉద్యోగం దేవుడికే ఇష్టం లేదన్నావు. ఆ మాట దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

పదకొండింటికి పిలుస్తారు. ఇదే ఆఖరుసారి అన్నారు కదా. ఇడ్లీలు హాట్‌బాక్స్‌లో ఉన్నాయి, తిని కూర్చో.

ప్రార్థన మానమనడం లేదు. చెయ్యి నీ గుండె మీద పెట్టుకో, మూత జోలికి మాత్రం పోవద్దు.

జెస్సీ

వార్డులో ఫోన్ జేబులోనే ఉంచుకుంటాను. మళ్ళీ ఆగిపోతే, దేవుడు వద్దన్నాడని అనుకునే ముందు నాకు ఫోన్ చెయ్యి.