చెకర్ నోరు ఎందుకు నొక్కావు?

అక్కా,

ముందు తిట్టేసి తర్వాత మాట్లాడతాను. తప్పు నీదే.

కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపే కెర్నెల్ చేసే ప్రతి పనినీ రాసిపెట్టే నీ ట్రేసింగ్ కోడ్ వల్లే మెషిన్లు బిగుసుకుపోతున్నాయి. ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే లాక్ తీసుకున్నాక, నువ్వు పిలిచిన ఫంక్షన్ అనే ఆ కోడ్ ముక్క కూడా ట్రేస్ అవుతోంది. అది మళ్లీ నీ కోడ్‌లోకే వచ్చి అదే లాక్ అడుగుతోంది. తన చేతిలో ఉన్నదాని కోసం తనే ఎదురుచూస్తూ కూర్చుంటోంది. లాకుల తప్పులు పట్టే చెకర్ దీన్ని మొదటిరోజే పట్టేది. ఊరికే అరుస్తోందని నీ ఫైలు వరకు దాన్ని ఆపేశావు. నీ పాత పుస్తకాలు చదువుకుని వచ్చిన నాకే ఇది కనిపించిందే!

"మీ అక్క కాన్పుకి వెళ్తూ మాకు దయ్యాన్ని అప్పజెప్పింది. సోమవారం మొత్తం పీకేద్దాం" అన్నాడు మేనేజరు. నీ రెండేళ్ల పనిని! "ఒక్క లైను తప్పుకి ఇల్లు కూల్చేస్తారా?" అని అందరి ముందే అరిచాను. ఉద్యోగం ఇంకా ఉంది, కంగారుపడకు.

చెకర్‌ని మళ్లీ ఆన్ చేసి, ఆ ఫంక్షన్‌ని ట్రేస్ కాకుండా తప్పించాను. మూడొందల సార్లు నడిపినా ఎక్కడా ఆగలేదు. ఆ సవరణ దీంతో పంపుతున్నాను. ఆదివారంలోగా పాపను బావ చేతికిచ్చి, అంతా చదివి, నీ పేరుతోనే ఆఫీసుకి పంపు. "తప్పు నాదే" అని కూడా నువ్వే ఒప్పుకుంటూ రాయి. అప్పుడు ఇక్కడ ఎవడూ నోరెత్తడు.

సవరణ కింద "పరీక్షించినవారు" అని ఉండేచోట నా పేరు రాయి. నీ పేరు కింద నా పేరు పడటం ఇదే మొదటిసారి అవుతుంది.

నీ తమ్ముడు