చావింటి పుస్తకం

కోరాపుట్,
1959 ఆగస్టు 9

అమ్మీ విశాలాక్షీ,

నూరేళ్లూ చల్లగా ఉండమని మామ్మ దీవెన. బరంపురంలో వానలెలా ఉన్నాయి? హాస్టల్లో నీళ్లు కాచి తాగుతున్నావా? దోమతెర కట్టుకుంటున్నావా? చిరిగితే వెంటనే రాయి, ఊరుకోకు.

తాతగారి పుస్తకం పంపమని నువ్వు రాసిన కార్డు అందింది. మీ అమ్మ చదువుతూ చదువుతూ ఆగిపోయి, "ఎవరు పోయేరు అత్తయ్యా?" అంది. తప్పు దానిది కాదు. ఈ ఊళ్లో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరు పోయినా ఆ పది రోజులూ చదివించడానికి మన పుస్తకమే పట్టుకెళ్తారు. మైల తీరాక పసుపునీళ్లు చల్లి, గుడ్డలో కట్టి తెచ్చి ఇస్తారు. మామూలు రోజున దాన్ని ఎవరూ విప్పరు. నేను దాని పేరు కూడా రాయను. అలాంటిది కాలేజీలో పాఠం పెట్టారా! వ్యాఖ్యానాలు పక్కన పెట్టి మూలమే చదవాలని మీ మేష్టారు అన్నారన్నావు. ఆయనకి పిల్లలు లేరా?

ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. విప్పినవాడు ఒక్కడున్నాడు, మీ నాన్న. ఎస్టేటు కచేరీకి సెలవైన రోజున, "పోయేక ఏటవుతాదో బతికుండగా తెలుసుకుంటే తప్పేటమ్మా?" అని నవ్వుతూ పెరట్లో కూర్చుని చదివాడు. పన్నెండో రోజున మన్యం జ్వరం వచ్చింది. ఇంకో తొమ్మిది రోజులకి మా ఉమాపతి లేడు. మీ అమ్మ అప్పుడు పర్లాకిమిడిలో, నీ పురిట్లో ఉంది.

పుస్తకం పంపను. పరీక్ష పోతే పోనీ. నువ్వుంటే చాలు.

మీ మామ్మ
జగదాంబ


కోరాపుట్,
సెప్టెంబరు 27

అమ్మీ, నా తల్లీ,

నీ జవాబు వచ్చింది. లైబ్రరీలో ఉన్న రెండు ప్రతులూ ముప్పై మందీ వంతులు వేసుకుని చదివేశారనీ, ఎవరికీ పడిశమైనా పట్టలేదనీ రాశావు. నా భయం పోగొట్టాలనే రాశావు. మీ అమ్మ చదివి నవ్వింది కూడా. నేను లేచి వంటింట్లోకి పోయాను.

ఆ పుస్తకం ఎవరినీ చంపకపోతే, మీ నాన్నని చంపిందెవరు?

జ్వరం వచ్చిన రెండో రోజున ఆసుపత్రి బంట్రోతు కన్నయ్య క్వినైన్ మాత్రలు తెచ్చి నా చేతిలో పోశాడు. "మూడు పూట్లా ఎయ్యమ్మా, మరిసిపోకు. దేవుడికి ఆనక సెప్పుకుందువు గానీ" అన్నాడు. కానీ అది పుస్తకం దోషమని నా బుర్రలో పడిపోయింది. శాంతి చేయించాను. అది ముగిసేదాకా మూడు రోజులూ తీర్థం తప్ప లోపలికి ఏదీ పోకూడదనుకున్నాను. "మందుకి అడ్డు లేదమ్మా, వెయ్యండి" అని పంతులే చెప్పాడు. నేనే వినలేదు. మీ నాన్న అడిగాడు. "ఏటలా చూస్తావమ్మా, ఆ మాత్రలియ్యవే" అన్నాడు. రేపు నాయనా, అన్నాను. శాంతి అయ్యాక ఇస్తే మింగుడు పడలేదు.

మిగిలిన మాత్రలు పెరట్లో పాతేశాను. మీ అమ్మ పసిగుడ్డువైన నిన్నెత్తుకుని వచ్చి, "మందేటీ పడలేదా అత్తయ్యా?" అంది. అన్నీ వేశాను, పుస్తకమే పొట్టన పెట్టుకుందని చెప్పాను. నమ్మింది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ చేతివంటే తింటున్నాను.

పుస్తకం పార్సెల్ చేయించాను, అందుతుంది. నీకు మూలం చదవడం వచ్చు కనక ఒక్క పని చెయ్యి. చావింట్లో ఆడవాళ్లం లోపలి గదిలో కూర్చుంటాం, ఏడుపుల మధ్య సగం వినబడదు. మందు చేతిలో ఉండీ కన్నకొడుక్కి వెయ్యని తల్లికి అందులో ఏ శిక్ష రాసి ఉందో వెతుకు. ఉన్నది ఉన్నట్టు రాయి. మామ్మ కదా అని తగ్గించకు.

జవాబు నా పేర వద్దు. మీ అమ్మ పేర రాయి.

జగదాంబ