మణెమ్మకు, ఓడ టికెట్ల సంగతి

మణెమ్మా,
బర్రెకు కుడితి పెట్టిన. పొయ్యి మీద పప్పుంది, వేడి చేసుకో. అండమాన్ ఓడకు టికెట్లు తీయనీకి కొత్తకోట నెట్ సెంటర్‌కు పోతున్న.

లాడ్జి ఖర్చు లేదు. నాతోని కూలికొచ్చిన కుర్మయ్య అక్కడే ఉండిపోయిండు గదా, వాళ్ళింట్ల ఒక అర్ర ఇస్తనన్నడు. జొన్నపిండి, కారంపొడి మనమే తీస్కపోతే తిండికీ ఫికర్ లేదు. పదిహేను రోజులు బర్రెను మీ చెల్లె చూస్కుంటదట.

"సముద్రమంటే ఉప్పునీళ్ళే గదా, మన బోర్ల గూడ అవే వస్తున్నయి" అని నిన్న ఎగతాళి చేసినవు. నాకూ నవ్వొచ్చింది. కాని ఆ దీవిల రెండేండ్లు ఓడలు ఆగే గట్టుకు కాంక్రీటు పోసిన. నీళ్ళు పక్కనే ఉన్నా ఒక్కనాడు కాలు పెట్టలే. పని ఒడిసేసరికి పొద్దుగూకేది. ఒక్కనికి దిగబుద్ధి గాలే. ఈసారి నువ్వు పక్కనుంటే దిగుత.

రానంటే పన్నెండు లోపల ఫోన్ చెయ్యి, టికెట్లు తియ్య. ఫోన్ రాకుంటే రెండు తీస్త.

ఇంకొకటి మరిచిన. నీ ఫోన్ల రీచార్జ్ నిన్ననే అయిపోయింది. టికెట్లు తీసినంక చేయిస్త.