మిరియం పాస్

నవంబర్ 18, సోమవారం

మా టీమ్ రిజిస్టర్ అయింది. నేనూ, బిందుమాధవీ. వచ్చే శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం, ఇక్కడే పాడేరులో, మా కాలేజీ సెమినార్ హాల్లో గో పోటీ. ఆడేది మేం కాదు, మేం రాసిన ప్రోగ్రాంలు. కొండ కింద నుంచి కూడా కాలేజీలు వస్తున్నాయి.

నాన్నకు ఫోన్లో చెప్పాను. గీతల బోర్డు, నల్లరాళ్లు, తెల్లరాళ్లు, ఎవరి రాళ్లు ఎక్కువ చోటు చుట్టేస్తే వాళ్లదే గెలుపు అని. మరి నువ్వేటి సేత్తావు గుంటా, కూకుని సూత్తావేటి అన్నాడు. అంతే నాన్నా అన్నాను. ప్రోగ్రాంకి ఇంకా పేరు పెట్టలేదంటే ఊరుకోలేదు. పేరు నేకుండా దాన్నెలా పిలుత్తారని, నల్లరాయి ఎలాగుంటాదని అడిగాడు. గుండ్రంగా ఉంటుందన్నాను. అయితే మిరియం అని పెట్టమన్నాడు. మా కాఫీ తోటలో సిల్వర్ ఓక్‌ల మీద పాకేది మిరియం తీగే. బిందు నవ్వింది గానీ, బాగుంది ఉంచెయ్యవే అంది.

నవంబర్ 23, శనివారం

మిరియం ఎత్తు తేల్చుకోలేక హ్యాంగ్ అవుతోంది. ఆఖరికి ఒక లైన్ రాశాను: టైమ్ అయిపోతుంటే, ఏమీ తోచకపోతే, పాస్. గోలో పాస్ అంటే నా వంతు వదిలేస్తున్నాను అని అర్థం. ఇది ప్రస్తుతానికే. తర్వాత మార్చాలి.

నవంబర్ 27, బుధవారం

ఆ లైన్ మార్చావా అని బిందు అడిగింది. మారుస్తాలే అన్నాను.

నవంబర్ 29, శుక్రవారం, సాయంత్రం

నాన్న వచ్చాడు. చెప్పలేదు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో పని మానుకుని, హుకుంపేట నుంచి జీపెక్కి వచ్చేశాడు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. వెనక వరసలో కూర్చుని, నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి, ఏమనుకున్నాడో దించేశాడు. నేనూ ఎత్తలేదు.

మొదటి ఆట గెలిచాం. సెమీఫైనల్ విశాఖ కాలేజీతో. చూసేవాళ్లకి తెలియాలని సర్వేశ్వరరావు సార్ ప్రతి ఎత్తూ మైకులో చదువుతున్నారు. సగం ఆటలో స్క్రీన్ ఆగింది. సార్ కళ్లజోడు సర్దుకుని, మిరియం, పాస్ అన్నారు.

వెనక నుంచి చప్పట్లు. ఒక్క మనిషివి. పాసైపోనాది, మన మిరియం పాసైపోనాది అని కేక. హాలంతా నవ్వింది. మళ్లీ పాస్. ఈసారి లేచి నిలబడి కొట్టాడు.

మా ఇంట్లో పాస్ అనే మాటకి ఒకటే అర్థం. మా వాళ్లలో పరీక్ష రాసిన మొదటి మనిషిని నేనే. టెన్త్ పాసైనప్పుడు నాన్న బస్సు కండక్టర్‌కి కూడా చెప్పాడు. గో గురించి రాళ్లు చెప్పాను, గెలుపు చెప్పాను. వంతు వదిలేయడం ఒకటుంటుందని చెప్పలేదు.

విశాఖ టీమ్ కుర్రాడు వంగి, ఆ పెద్దాయనెవరండీ, మీ ఫ్యాన్ క్లబ్బా అన్నాడు. ఎవరే ఆయన అని బిందు కూడా నా వైపు తిరిగింది. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. నాకేమీ తోచలేదు. స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.

మూడోసారి పాస్ అన్నప్పుడు చప్పట్లు లేవు. వెనక్కి తిరిగితే కుర్చీ ఖాళీ. అది చూసి ముందు నాకు కలిగింది ఊరట. 

ఓడిపోయాం. మూల మొత్తం తెల్లరాళ్లు చుట్టేశాయి. బిందు లాప్‌టాప్ మూసేసి వెళ్లిపోయింది. అది న్యాయమే.

హాస్టల్ వార్డెన్ సత్యకుమారి మేడమ్ గేటు దగ్గర ఆపి, నా చేతిలో రెండు బెల్లం జీళ్లు పెట్టింది. మీ నాన్న మా గుంట పాసైపోనాదని అందరికీ పంచాడమ్మా, జీపు ఎల్లిపోతాదని బేగి ఎల్లిపోనాడు అంది. కంగ్రాట్స్ అని కూడా అంది. థాంక్యూ మేడమ్ అన్నాను.

నవంబర్ 30, శనివారం

అమ్మ ఫోన్ చేసింది. రేపు మన చర్చిలో నీ కోసం కృతజ్ఞతా కూడిక, నాన్న పాస్టర్ దైవాధీనం గారికి చెప్పేశాడు, నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలి, పొద్దున్నే బేగి రా అంది. హాల్లో నాన్న నాతో ఎందుకు మాట్లాడకుండా వెళ్లిపోయాడని అడిగాను. నీ సావాసగాళ్ల మధ్యన నీకు సిగ్గవుతాదని వచ్చేశాడట.

ఓడిపోయామని చెప్పడానికి నోరు తెరిచాను. వస్తానమ్మా అని పెట్టేశాను.

టైమ్ అయిపోతుంటే, ఏమీ తోచకపోతే. ఆ లైన్ ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు.

డిసెంబర్ 1, ఆదివారం, జీపులో

అక్షరాలు ఎగురుతున్నాయి. నిజం చెబితే ఊరు ఊరంతా నాన్నని చూసి నవ్వుతుంది, ఆ హాల్లో నవ్వినట్టే. చెప్పకపోతే చర్చిలో నిలబడి దేవుడి ముందు అబద్ధమాడినట్టు. పక్కనున్న ముసలమ్మ, ఏటే గుంటా రాత్తన్నావు, పరీచ్చకేటి అంటోంది. అవునన్నాను.

డిసెంబర్ 1, మధ్యాహ్నం

ఓడిపోయామని చెప్పాను. పాస్ అంటే వంతు వదిలేయడమని చెప్పాను. ఆ రోజు హాల్లో మా కోసం చప్పట్లు కొట్టింది మా నాన్నే, ఎవరని అడిగితే నేను చెప్పలేదు అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. దైవాధీనం గారు ఏ పాట ఎత్తాలో తెలియక పుస్తకం తిప్పుతున్నారు.

మగవాళ్ల వైపు, వెనక వరసలో, ఒక్క మనిషి చప్పట్లు.