లేనివాళ్ల హాజరు

జూన్ 1, ఆదివారం

ఈరోజు తొమ్మిది గొంతులు. నా రికార్డు.

మాజీ సైనికుల సంఘం రిజిస్టర్లో ఇరవై రెండు పేర్లు. వచ్చినవాళ్లం పదకొండు మందిమి. సుబేదారు గారికి చూపు ఆనదు. జెండా పక్కన నిటారుగా నిలబడి, పేర్లన్నీ కంఠతా పిలుస్తాడు, పటాలంలో పిలిచినట్టే. మేం 'హాజిర్ సాబ్' అనాలి. పక్కన కూర్చుని అప్పన్న టిక్కు పెడతాడు.

రానివాళ్లకి నేను పలుకుతాను. గవరయ్యది ముక్కుతో. సన్యాసిది కోడి పెట్ట గుడ్డు పెట్టినట్టు. ఎర్రయ్యన్నది — ముందు చిన్న దగ్గు, తర్వాత 'సాబ్' అన్నది సాగదీసి. అచ్చం దిగింది ఈరోజు. వెనక వరసవాళ్లు తువ్వాళ్లు నోట్లో కుక్కుకున్నారు.

ఇద్దరిని వదిలేశాను. అందరూ వచ్చారంటే ఎవరు నమ్ముతారు? నెలకో ఇద్దరిని మార్చి మార్చి వదలడం... ఎవరికీ వరసగా మూడు గైర్హాజర్లు పడకూడదు. అదే కదా అసలు సంగతి. మూడు నెలలు రానివాడి ఇంటికి ఇద్దరు వెళ్లి చూసి రావాలని సుబేదారు గారి రూలు. సంఘం పుట్టిన రోజు పెట్టిన రూలు. ఈ ఒక్క రూలు చాలు, సంఘం ఇంకేం చెయ్యక్కర్లేదంటాడాయన.

బయటికొచ్చాక అప్పన్న — "ఒరే సిమ్మాద్రీ, నీ నోరే లేకపోతే ఈ ఎండలో ఊళ్లమ్మట తిరగలేక సచ్చీవోళ్లంరా."

టీ వాడే పోయించాడు. మొదటిసారి.

జూన్ 4

ఇంట్లో ఎర్రయ్యన్న గొంతు చేసి చూపించాను. మా ఆవిడ నవ్వి, "ఏబై ఏళ్లొచ్చినాయి, ఇంకా కోతి ఏసాలే" అంది. కోపంగా కాదు.

జూన్ 15, ఆదివారం

సంఘాన్ని మళ్లీ లేపడం ఎలా అని మీటింగు. ఐదుగురం.

కొత్తగా పెన్షన్‌కి వచ్చిన కుర్రాళ్లు మా గుమ్మం తొక్కరు. వాళ్లకి ఫోన్లో గ్రూపు ఉంది, పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపించుకుంటారు, అయిపోయింది. క్యారమ్ బోర్డు కొందామని ఒకడు. నెలకోసారి బిర్యానీ అని ఇంకొకడు — వాడి బావమరిది హోటల్లో. ఆడవాళ్లని కూడా రమ్మందామని నేను. నా మీద గయ్యిమన్నారు. అది నిజంగానే అన్నాను, వేళాకోళం కాదు. నేనేం అన్నా వేళాకోళమే అనుకుంటారు.

అప్పన్న నోరు జారాడు — "పాతోళ్లు కూడా తగ్గిపోనారు సార్, ముందు ఆళ్ల సంగతి సూడాల."

సుబేదారు గారు బల్ల మీద చెయ్యి చరిచాడు. "తగ్గిపోయారేటోయ్? నెల నెలా ఇరవై మంది పలుకుతన్నారు. నా సెవులతో ఇంటన్నాను. కొత్తోళ్ల గురించి మాటాడు."

అప్పన్న నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను. లోపల ఎక్కడో నవ్వొచ్చింది కూడా. రాసుకోవాలి కదా ఉన్నది ఉన్నట్టు.

జూలై 6, ఆదివారం

ఎలా రాయాలి...

రోల్ కాల్. వాన. తొమ్మిది మందే వచ్చారు. వరండాలో ఎవరో ఆడమనిషి గొడుగు ముడుస్తోంది, కాగితాల మీద సంతకానికేమో అనుకున్నాను. సుబేదారు గారు "హవల్దార్ ఎర్రయ్య" అన్నాడు. నేను దగ్గాను. హాజిర్ సాబ్. బాగా సాగదీశాను, వాన చప్పుడు మీదుగా వినపడాలని.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. గొడుగు చేతిలోంచి జారింది.

"ఎవులు? ఇప్పుడు మాటాడింది ఎవులు?"

సుబేదారు గారు గొంతు వచ్చిన వైపు తిరిగి — "ఎవరమ్మా? ఎర్రయ్య కోసమా? ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడే పలికినాడు."

"బాబూ, నాను ఆయన పెళ్లాన్ని. ఆయన పోయి నలభై రోజులయినాది."

అంటే జూన్ ఒకటికి కూడా...

"ఎర్రయ్యా?" అన్నాడు సుబేదారు గారు, కుర్చీల వైపు. మళ్లీ, "ఎర్రయ్యా?"

తల దించుకుని చెప్పుల వంకే చూశాను. అప్పన్న లేచి, పక్క పేరు వాడెవరో పొరపాటున పలికాడని ఏదో గొణిగాడు.

నీలమ్మ వదినని కూర్చోబెట్టారు. నన్ను ఆవిడ ఎరగదు. గుర్తింపు కార్డు మార్పించుకోడానికి వచ్చింది. కిడ్నీలట. నాలుగు నెలలు డయాలసిస్. "కార్డు మీద నెంబరుకి ఫోన్ సేసినాం, అలాంటి నెంబరే లేదంది." సంఘం ఆఫీసులో ఆ ఫోను తీసేసి ఎన్నేళ్లయింది... కార్డులు మాత్రం పాతవే.

తర్వాత అంది, ఎవరినీ తిట్టకుండా — "నెల మొదటి ఆదివారం వస్తే గుమ్మంకాడ మంచం ఏయించుకునీవోడు. 'మూడు సార్లు ఎల్లలేదు నాను, ఇక మనోళ్లు ఇద్దరొస్తారు, రూలుందే' అనీవోడు. నాలుగో నెల కూడా సూసినాడు. ఆ తరవాత మంచం లోపలికి ఏసీమన్నాడు."

జూలై 7

బ్యాంకు డ్యూటీ. తుపాకీ పట్టుకుని గుమ్మం దగ్గర. వచ్చిపోయేవాళ్లకి తలుపు తీయడం.

జూలై 9

మా ఆవిడ — "నోట్లో ఏటైనా పెట్టుకున్నావేటి? మూడు దినాల నుండి మాటే లేదు." చెప్పేశాను. విన్నది. కంచం తీసి వెళ్లిపోయింది. ఆవిడ కూడా నవ్వింది కదా ఆరోజు, అదే బాధేమో.

జూలై 12

సుబేదారు గారింటికి వెళ్లాను, చెప్పేద్దామని. పడక్కుర్చీలో ఉన్నాడు. నేను నోరు తెరవకముందే —

"కళ్లు పోతే పోనాయి అనుకున్నాను సిమ్మాద్రీ. సెవులు కూడా పోనాయి. ఎర్రయ్య గొంతు నానే ఇన్నాను. నా మనిషి సచ్చిపోతంటే నాకు హాజిర్ అని ఇనిపించింది. ఇంక నానేటి పనికొస్తాను? వచ్చే నెల దిగిపోతాను."

ఆయన దిగిపోతే తలుపులకి తాళమే. ఇంకొకడు తీసుకోడు. అప్పన్నా? టిక్కులు పెట్టడానికి తప్ప...

చెవులు బాగున్నాయి సార్, నేను వెధవని — అంతే కదా అనాల్సింది. రెండు ముక్కలు. కానీ అలా అంటే ఆయన్ని రెండేళ్లుగా పదిమందిలో ఆడించామని కూడా చెప్పినట్టవుతుంది. అందరూ నవ్వారని.

ఆయన కోడలు కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను. తుపాకులకి భయపడనివాడిని.

జూలై 13

అప్పన్న దగ్గర రిజిస్టరు లాక్కున్నాను. నేను పలికిన పేర్లు పదకొండు. ఎర్రయ్యన్న పోగా పది. తిరగాలి.

"ఇప్పుడెందుకురా?" అన్నాడు. తిట్టాను. ఇక్కడ రాయకూడని తిట్టు.

జూలై 20, ఆదివారం

విజయనగరం. గవరయ్య ఒక కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ. ఎవరికో కుట్టిన యూనిఫాం, ఇద్దరు పడతారు అందులో. నన్ను చూడగానే — "ఏరా, ఎవులు పోనారు?"

ఎర్రయ్యన్న అన్నాను. టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకుని —

"నా పేరు ఇంకా పిలుస్తన్నారేటి?"

"పిలుస్తన్నారు."

"పలక్కపోతే ఏటి సేస్తారు?"

"నానే పలుకుతన్నాను బావా. నీ గొంతుతో."

చెయ్యమన్నాడు. చేశాను, నడిరోడ్డు మీద. గేటు పట్టుకుని నవ్వాడు, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా. కారు వస్తే గేటు తీసి, మూసి వచ్చాడు. అప్పుడు నవ్వు లేదు.

"మీ అక్కకి ఆపరేషన్ అయినాది. ఆరు నెల్లు ఎక్కడికీ కదల్లేదు. ఎవడో ఒకడు వస్తాడని సూసినాను. రాలేదు. సంఘం ఎత్తేసినారు గావాల అనుకున్నాను." మళ్లీ గేటు. "నానక్కడ లేకపోయినా లెక్కలో ఉన్నాను కదా మరి. ఇంక నానొచ్చి ఏటి సెయ్యాల?"

తిరుగు బస్సులో సీటు దొరికింది. నిలబడే వచ్చాను.

జూలై 27, ఆదివారం

సన్యాసి పొలంలో ఊడ్పులు. మోకాళ్ల దాకా బురద. గట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో అంబలి ఇచ్చాడు. వాళ్ల అన్నదమ్ముల తగువు, ఎద్దుకి జబ్బు, అన్నీ చెప్పాడు. గంటన్నర. సంఘం మాట నేనెత్తలేదు, వాడే — "అక్కడ ఇయ్యన్నీ ఎవడింటాడు? ఎప్పుడూ పెన్షన్, పెన్షన్." నిజమే.

వస్తానన్నాడు. నమ్మకం లేదు.

ఇప్పటికి ఆరుగురిని చూశాను. ఇంకా నలుగురు.

ఆగస్టు 2, శనివారం

చెప్పేశాను.

సుబేదారు గారు పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తర్వాత — "లే. నిలబడు." నిలబడ్డాను. అటెన్షన్‌లో. ఈ పొట్టతో.

ఒక్కో పేరూ పిలవడం మొదలెట్టాడు, నేను పలికిన పేర్లు. ప్రతిదానికీ నన్ను పలకమన్నాడు, వాళ్ల గొంతులతోనే. పలికాను. నవ్వు తెప్పించడానికి చేసినవి, ఆ ఖాళీ గదిలో ఎంత అసహ్యంగా ఉన్నాయో. ప్రతి గొంతుకీ ఒకటే ప్రశ్న —

"ఈడు బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు సార్. చూసొచ్చాను."

"ఈడు?"

"ఉన్నాడు సార్."

ఏడో పేరు.

"ఈడు?"

"...తెలీదు సార్."

"ఈడు?"

"తెలీదు సార్."

నాలుగు సార్లు అనిపించాడు. ఎర్రయ్య పేరు పిలిచినప్పుడు నన్ను పలకనివ్వలేదు, చెయ్యి అడ్డం పెట్టాడు.

"మిగతా నలుగురి దగ్గరికి అప్పన్నని తీసుకెళ్లు, రూలు ప్రకారం. ఎర్రయ్య ఇంటికి మాత్రం ఒక్కడివే ఎల్లు. అది సంఘం పని కాదు, నీది."

దిగిపోతారా సార్ అని అడిగాను. తలుపు వైపు చెయ్యి చూపించాడు.

ఆగస్టు 3, ఆదివారం

రోల్ కాల్ ఆయనే తీశాడు. పలకని పేరు దగ్గర ఆగాడు. ప్రతిసారీ. చాలాసేపు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ దగ్గలేదు. పన్నెండు మందిమి. సన్యాసి వచ్చాడు. గవరయ్య రాలేదు. అప్పన్న రిజిస్టర్లో వరసగా సున్నాలు పెడుతుంటే ఆ పేజీ చూడలేకపోయాను.

సంఘం ఉంటుందా పోతుందా, ఆయన ఇంకా తేల్చలేదు.

ఆగస్టు 10, ఆదివారం

భావనపాడు బస్సు దిగి, లోపలికి రెండు మైళ్లు నడక. నీలమ్మ వదిన గుమ్మంలో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. వేళ్లన్నీ నల్లగా. చిన్న రాయి, పెద్ద రాయి.

నిలబడే చెప్పాను. ఆ రోజు పలికింది నేనేనని. అంతకుముందు నెలల్లో కూడా నేనేనని. అందుకే ఎవరూ రాలేదని.

రాయి ఆగలేదు. నాలుగు పిక్కలు అయ్యాక అంది —

"ఆయనికి తెలిసుంటే నవ్వీవోడు. అలాటోడే. పది మందికీ సెప్పి మరీ నవ్వీవోడు."

ఇంకో పిక్క.

"నాకు నవ్వు రావటం లేదు బాబూ."

దొర్లిపోయిన పిక్క ఒకటి తీసి కుప్పలో వేశాను.

"పక్కకి జరుగు," అంది. "ఎలుతురుకి అడ్డొస్తన్నావు."

జరిగాను. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు. చివరి బస్సుకి ఇంకా చాలా టైముంది...