కుర్చీలో ఇరవై వేల అడుగులు

1, సోమవారం. ఉదయం 5.30

లేచాను. అలారం కంటే ముందే లేచానని రాద్దామనుకున్నాను గానీ, ఈ డైరీలో అబద్ధాలు రాయకూడదన్నది మొదటి నియమం.

వయసు యాభై ఎనిమిది. నడుం నలభై రెండు. షుగరు మూడు వందలు. నెలలో దిగకపోతే రోజూ ఇంజెక్షను పొడుచుకోవాలన్నారు డాక్టరుగారు. ముప్ఫై అయిదేళ్లుగా సూది మీద బతుకుతున్న టైలరుని నేను. అయినా గుడ్డలో దిగే సూది వేరు, నాలో దిగే సూది వేరు. చిన్నప్పుడు టీకాలవాళ్లొచ్చారని బడి గోడ దూకాను. చదువు అక్కడితో సరి.

అమ్మాయి చేతికి కట్టుకునే బ్యాండు పంపింది. వేసిన ప్రతి అడుగూ లెక్కపెట్టి తన ఫోనులో చూపిస్తుందట. కన్నకూతురే కాపలా పెట్టింది.

నియమాలు:
రోజుకి ఆరువేల అడుగులు.
టీలో చక్కెర వద్దు.
షాపు ఎదుటి బేకరీ వైపు చూడను.
ఎవర్నీ ఏడిపించను. (ఇది మా ఆవిడ చేర్పించింది. దీనికీ షుగరుకీ ఏం సంబంధమో.)

సాయంత్రం 7: 6,214. ఒళ్లు దూదిలా ఉంది. ఇంత సులువని తెలిస్తే ముందే మొదలుపెట్టేవాణ్ణి.

2, మంగళవారం

పార్కులో పెద్దవాళ్ల నడక బృందంలో చేరాను. పదకొండు మంది. అందరి మోకాళ్లూ కలిపితే ఓ నాలుగు పనికొస్తాయి. ముందు నడిచేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన గొంతు అనుకరించి "వెనక్కి తిరుగు" అన్నాను. పదిమందీ తిరిగారు. ఆయనొక్కడే చేతులు ఊపుకుంటూ గేటు దాకా వెళ్లిపోయాడు.

6,480.

3, బుధవారం

బృందంలోంచి తీసేశారు. ఒంటరి నడక. 4,100.

5, శుక్రవారం

వాన. అంటే చినుకులు. అంటే మబ్బు.

900. అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, మంచం దిగలేదా?"

"దిగానే. మళ్లీ ఎక్కాను."

8, సోమవారం

దేవుడున్నాడు.

బ్యాండు చేతికి ఒరుసుకుంటోందని విప్పాను. ఎక్కడ పెట్టాలో తోచక చీలమండ పైన కట్టాను. పట్టీ చాలలేదు. రెండంగుళాల జీన్సు ముక్క అతికాను. తర్వాత మిషను ఎక్కాను. నాది పాతకాలం మిషను, కాళ్లతో తొక్కేది. స్కూలు యూనిఫారాల ఆర్డరు ఉంది.

మధ్యాహ్నం చూస్తే 11,300. సాయంత్రానికి 20,460. కుర్చీలోంచి లేచింది రెండుసార్లు.

వెంటనే అమ్మాయి ఫోను. "నాన్నా, ఈ వయసులో అంత వద్దు. మెల్లిగా."

"అలవాటైపోయిందమ్మా," అన్నాను.

10, బుధవారం

నడవాల్సింది ఆరువేలు. నడిచింది ఇరవై. మిగతా పద్నాలుగు వేలకీ ఒంటికి ఏదో ఒకటి ముట్టజెప్పాలి కదా. బేకరీలో కేకు ముక్క. చిన్నది. రెండు.

14, ఆదివారం

షాపుకి సెలవు. 212.

అమ్మాయి స్పీకరు ఫోనులో వాళ్లమ్మని అడిగింది, "ఆదివారం నాన్న అడుగు తీసి అడుగు వేయడేంటమ్మా?"

మా ఆవిడ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

"ఒంటికి విశ్రాంతి ఇవ్వద్దూ," అన్నాను.

22, సోమవారం

ఉదయం నడక మానేసి పది రోజులు దాటింది. నిద్ర బాగా పడుతోంది. టీలో చక్కెర తిరిగొచ్చింది, ఒక్క చెంచానే. చెంచా పెద్దది.

నా ప్యాంటు నడుం అంగుళం వదులు చేశాను. ఉతికితే గుడ్డ కుంచించుకుపోయింది.

మొదటి నియమం గుర్తొచ్చింది. సరే, గుడ్డ కుంచించుకుపోలేదు.

30, మంగళవారం. ఉదయం 11

మా ఆవిడతో కలిసి డాక్టరుగారి దగ్గరికి. షుగరు మూడు వందల ఇరవై. అమ్మాయి పంపిన లెక్కలు ఆయన ఫోనులో ఉన్నాయి.

"టైలరు మాస్టారూ, నెలలో నాలుగు లక్షల అడుగులు. ఇంత నడిచినా పెరిగిందంటే ఇక మాత్రలతో కాదు. రేపట్నుంచి ఇంజెక్షను."

చెప్పేశాను. మిషను, కాలు, జీన్సు ముక్క, అన్నీ.

ఆయన నవ్వారు. "చూశారా అమ్మా, సూది తప్పించుకోడానికి ఎంత కథ అల్లారో."

"పోయినేడు మీ తెల్లకోటు వీపు మీద 'డాక్టరు లేడు' అని కుట్టిచ్చింది ఈయనేగా," అంది మా ఆవిడ. "నమ్మకండి."

జన్మకి ఒక్కసారి నిజం చెబితే కొనేవాడు లేడు. ఆయన కాగితం మీద ఏదో రాస్తున్నారు. ఆయన చేతికీ నా బ్యాండులాంటిదే ఒకటి ఉంది.

"ఒక్కసారి షాపుకి రండి సార్. మీ బ్యాండుతోనే చూపిస్తాను."

సాయంత్రం 6

వచ్చారు. ఆయన బ్యాండు కాలికి కట్టుకుని ఒక కాలరు కుట్టాను. 340 అడుగులు. డాక్టరుగారు బ్యాండు చూశారు, మిషను చూశారు, ఎదురుగా ఉన్న బేకరీని కూడా చూశారు.

"నాకు ఆ ఆదివారమే తెలిసిందండీ," అంది వెంట వచ్చిన మా ఆవిడ, నావైపు తిరిగి. "మీ అంతట మీరే చెబుతారని చూశాను. నెలంతా చూశాను. సూది మాటెత్తితే గానీ చెప్పలేదు, అందుకే పొద్దున నమ్మొద్దన్నాను."

తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంకో నెల ఇస్తున్నా," అన్నారు డాక్టరుగారు. "మాత్ర ఒకటి పెంచుతాను. వారం వారం వేలు పొడిచి రక్తంలో షుగరు చూస్తాను. ఈసారి మీ అంకెలు నమ్మను. మీ టేపుతోనే నడుం కొలుస్తా, రెండంగుళాలు తగ్గాలి. లేదంటే ఇంజెక్షనే."

వేలైతే ఫరవాలేదు. నా వేళ్లకి సూదులు కొత్త కాదు.

గుమ్మం దాకా వెళ్లి ఆగారు. గొంతు తగ్గించారు. "మాస్టారూ, మా ఆవిడ నాకు రోజుకి పదివేల అడుగులు పెట్టింది. ఆ బ్యాండు మీ కాలికే ఉండనీయండి."

1, బుధవారం. ఉదయం 5.30

లేచాను. నియమాలు అవే. మళ్లీ మొదట్నుంచి.

బ్యాండు జారకుండా మా ఆవిడ పట్టీ కొసలు రెండూ నా మణికట్టు మీదే కలిపి కుట్టేసింది. సూది చర్మానికి వెంట్రుకవాసి దూరంలో తిరుగుతుంటే కళ్లు మూసుకున్నాను. విప్పి మళ్లీ కుట్టడం నాకు నిమిషం పని. కానీ ఆవిడ కుట్టు వంకరటింకర. అంత వంకరగా కుట్టడం నాకు ఈ జన్మలో చేతకాదు.

సాయంత్రం 7: నావి 6,020. కాళ్లతో నడిచినవే.

డాక్టరుగారివి 18,700. వాళ్లావిడకి ఫోను చేసి చెప్పాలి. ఈ వయసులో అంత వద్దు, మెల్లిగా.