ముందు వాసన చూసేవాడు

అక్కా, నేను క్షేమం, కంగారు పడకు.

మా ఐసు ఫ్యాక్టరీలో పొద్దున్నే ఒకడు ముందు లోపలికెళ్లి, ఐసు గడ్డకట్టించే అమోనియా గ్యాసు కారుతోందేమో వాసన చూసి చెప్పాలి. నిన్న నా వంతు. కళ్లు మండుతుంటే నిద్ర చాలలేదనుకుని, "రండి" అన్నాను. వెనకాలే వచ్చిన ముగ్గురూ దగ్గుతూ బయటికి పరుగెత్తారు. ముసలి ఫిట్టరు నా చొక్కా పట్టుకుని బయటికి లాగి, "అందర్నీ చంపేసేవాడివి కదరా!" అన్నాడు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పోయిన నెల జ్వరం తగ్గినప్పటి నుంచి నాకు వాసన తెలియడం లేదక్కా. పని పోతుందని దాచాను. ఇవాళ మేనేజరుకు చెప్పేస్తాను.

మన గ్యాసు పొయ్యి ట్యూబు బావ మార్చాడా? వెంటనే మార్పించు. ఇదంతా అమ్మకు చదివి వినిపించకు, కులాసాగా ఉన్నానని మాత్రం చెప్పు.

నువ్వు కబుర్లలో పడి పాలు మాడ్చినప్పుడల్లా వీధి గుమ్మంలోంచే అరిచేవాణ్ణి. అదెంత అదృష్టమో అప్పుడు తెలియలేదు. బావకు నమస్కారాలు, పాపకు ముద్దులు. పని పోతే ఇంటికే వస్తాను. వచ్చిన రోజు నాకు చెప్పకుండా ఒక గిన్నెడు పాలు మాడ్చు. గుమ్మంలోంచి అరుస్తానేమో చూద్దువుగాని.

నీ తమ్ముడు